చీటీ ఒక్కసారే తీయాలి

"ర్యాండమ్‌గా తీశాం" అంటే చాలు, మనం నోరు మూసుకుంటాం. వైవాకి ముందు ఎవరిని పిలిచినా, హాస్టల్ మెస్ సర్వేలో ఎవరిని అడిగినా, కంప్యూటర్ తీసిందంటే ఇక వాదన ఉండదు. నేను మాత్రం క్వెరీ చూపించమంటాను.

మై ఎస్‌క్యూఎల్‌లో 1 నుంచి 1000 దాకా విద్యార్థుల ఐడీలున్న టేబుల్ ఉందనుకోండి. ఒకరిని ఎంచాలి. చప్పున తట్టే దారి: ర్యాండ్ ఫంక్షన్‌తో 1000 లోపు ఒక సంఖ్య, ఐడీ దానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలని వేర్‌లో షరతు, ఐడీ వరసలో లిమిట్ 1. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ వేర్‌లో పెట్టిన ర్యాండ్ ప్రతి రోకీ కొత్త సంఖ్య ఇస్తుంది. 1వ ఐడీకి ఒక చీటీ, 2వ ఐడీకి ఇంకో చీటీ. ఎవరు ముందు నెగ్గితే ఆట అక్కడితో సరి. లెక్క కట్టి చూడండి, నూటికి 99 సార్లకు పైగా మొదటి 100 ఐడీల్లోనే ఆగిపోతుంది. పేర్లు బ్రాంచీల వారీగా ఎక్కించి ఉంటే, కాలేజీ మొత్తాన్ని అడిగామనుకున్న సర్వేలో వినపడేది ఒక్క బ్రాంచి మాటే.

మందు చిన్నదే. ముందు సంఖ్య తీసి వేరియబుల్‌లో పెట్టండి, తర్వాత క్వెరీలో ఆ వేరియబుల్ వాడండి. చీటీ ఒక్కటే, అందరికీ అదే.

ఇంకో మెలిక ఉంది. 41 నుంచి 50 దాకా ఐడీలు డిలీట్ అయ్యాయనుకోండి. ఆ పదిమంది వంతూ 51కి పోతుంది, అందరికీ ఒక్క అవకాశముంటే అతనికి 11. అందుకే "సమానం" అని మాత్రమే రాయాలి. ఎవరూ దొరక్కపోతే మళ్లీ చీటీ తీయాలి.

"ఆర్డర్ బై ర్యాండ్ ఉందిగా?" అంటారు. ఉంది, న్యాయమైనదే. అక్కడ అందరికీ తలో సంఖ్య ఇచ్చి, ఆ వరసలో పేరుస్తారు. వెయ్యి రోలకు ఇబ్బందేమీ లేదు, లక్షల్లో ఉంటే ఆలస్యం. కానీ పని అయ్యాక చేతిలో పేర్లే మిగులుతాయి, అవెలా వచ్చాయో చెప్పే సంఖ్య మిగలదు.

వేరియబుల్ అసలు విలువ అదే అంటాను. అందులో ఉన్న సంఖ్యని అందరి ముందూ తీయొచ్చు, నోటీసులో రాయొచ్చు, నమ్మనివాడు తానే సరిచూసుకోవచ్చు. ర్యాండమ్ అంటే గుడ్డెద్దు చేలో పడటం కాదు. ఈసారి మీ పేరు "ర్యాండమ్‌గా" వస్తే, ఆ సంఖ్యెంతో అడగండి.