ఊరు మారినా పన్ను మారదు

గుంటూరునుంచి ఒక తల్లిగారు నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. వారి అబ్బాయి పదిహేనేళ్లు అమెరికాలో ఉద్యోగం చేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, 2021లో భార్యాబిడ్డలతో హైదరాబాదు వచ్చేశాడు. ఇక్కడా మంచి ఉద్యోగమే. ఏటా మన ప్రభుత్వానికి ఇన్‌కంటాక్సు సక్రమంగా కడుతున్నాడు. మొన్న బాంకువారు ఒక ఫారం చేతికిచ్చి, "మీరు అమెరికా పౌరులైతే ఇక్కడ వ్రాసి సంతకం పెట్టండి" అన్నారట. అది విని ఆఫీసులో స్నేహితుడొకడు, "మరి అమెరికాకు లెక్కలు పంపుతున్నావా?" అని అడిగాడట. వచ్చినప్పటినుంచీ పంపలేదు. అప్పటినుంచి అబ్బాయికి నిద్ర లేదు, తల్లికి అన్నం సయించడం లేదు. "దేశం వదిలి వచ్చాక గూడా వాళ్లకు కప్పం కట్టాలా?" అని వారి ప్రశ్న.

అమ్మా, కట్టవలసింది బహుశా ఏమీ ఉండదు, ఉన్నా కొద్దిగానే ఉంటుంది. కాని లెక్క మాత్రం చెప్పి తీరాలి. ఈ రెండూ వేరు వేరు సంగతులు.

చాలా దేశాలు తమ గడ్డమీద కాపురమున్నవారినే పన్ను అడుగుతాయి. అమెరికా అలా కాదు, తన పౌరుడు ఏ దేశంలో ఉన్నా, ఎక్కడ సంపాదించినా లెక్క అడుగుతుంది. మెక్సికోలో స్థిరపడిన కుక్ అనే అమెరికన్ ఇదేం న్యాయమని కోర్టుకెక్కాడు. పౌరుడు ఎక్కడికి వెళ్లినా ప్రభుత్వ రక్షణ అతని వెంట ఉంటుంది కనుక పన్నూ వెంట ఉండవచ్చునని 1924లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కుక్‌గారికి ఆ రక్షణ ఎంత అందిందో మనకు తెలియదుగాని, తీర్పు నేటికీ నిలిచి ఉంది. గ్రీన్ కార్డువారు గూడా ఊరికే సామాను సర్దుకుని వచ్చేస్తే చాలదు. ఐ-407 ఫారం ఇచ్చి కార్డును పద్ధతిగా వదులుకోవాలి.

ఇక జీతం మాట. ఏదైనా పన్నెండు నెలల్లో 330 పూర్తి రోజులు అమెరికా వెలుపల ఉన్నవారు 2555 నంబరు ఫారం వేసి, 2025 సంవత్సరానికి 1,30,000 డాలర్లదాకా సంపాదనను పన్నునుంచి తప్పించుకోవచ్చు. అయితే ఇది కష్టార్జితానికే. బాంకు వడ్డీ, ఇంటి అద్దె ఇందులోకి రావు. వాటికి 1116 నంబరు ఫారం ఉంది. ఇక్కడ కట్టిన పన్నును అక్కడి పన్నులో మినహాయించుకోవచ్చు. చిక్కల్లా పి.పి.ఎఫ్.లాంటివాటితో. ఇక్కడ పన్ను లేని ఆ వడ్డీ అక్కడ ఆదాయమే. మినహాయించుకోవడానికి ఇక్కడ కట్టినదేమీ ఉండదు గదా! మ్యూచువల్ ఫండ్ల సంగతి ఇంతకంటె చిక్కు. వాటికి 8621 అని ప్రత్యేకంగా ఒక ఫారం, కఠినమైన లెక్క. అలాగని కంగారుపడి అమ్మేయవద్దు. అమ్మేముందు ఈ విషయం తెలిసిన ఆడిటరును అడగాలి.

మన లెక్కల ఏడాది ఏప్రిల్‌లో మొదలైతే వాళ్లది జనవరిలో మొదలవుతుంది. అందుచేత ఫారం 16 ఒక్కటీ సరిపోదు, నెలనెలా జీతపు చీటీలు దాచుకోవాలి. గడువు ఏప్రిల్ 15. విదేశాల్లో ఉన్నవారికి అడగకుండానే జూన్ 15 వరకు, అడిగితే అక్టోబరు 15 వరకు ఉంటుంది. బాకీ ఏమైనా ఉంటే వడ్డీ మాత్రం ఏప్రిల్ 15 నుంచే లెక్క. మీ కోడలు భారత పౌరురాలే అయితే అబ్బాయి సాధారణంగా విడిగా రిటర్ను వేస్తాడు. అలా వేసేవారికి ఏడాదికి ఐదు డాలర్ల ఆదాయముంటే చాలు, రిటర్ను తప్పదు. ఐదు వేలు కాదు, ఐదే!

ఇప్పుడు, ఉత్తరం చివర మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతి. వారు పోయిన తరవాత మీ ఫిక్సెడ్ డిపాజిట్లన్నిటిలో అబ్బాయి పేరు గూడా చేర్పించానన్నారు. నాకు ముఖ్యంగా కనిపించింది అదే. అమెరికా పౌరుడి పేరుమీద ఆ దేశం వెలుపల ఉన్న ఖాతాలన్నీ కలిపి, ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే, ఎఫ్‌బార్ అనే నివేదిక పంపాలి. ఇది పన్నుల శాఖకు కాదు, ఫిన్‌సెన్ అనే మరొక కార్యాలయానికి, ఇంటర్నెట్ ద్వారా పంపేది. జాయింటు ఖాతాలో డబ్బు మీదే అయినా మొత్తం నిల్వ అతని లెక్కలో చూపాలి. చూపినంతమాత్రాన దానిమీద పన్ను పడదు. అబ్బాయి నామినీగా మాత్రమే ఉన్న ఖాతా వేరు, మీరు బ్రతికి ఉండగా దానిమీద అతనికి అధికారం లేదు. రసీదుమీద ఏముందో కళ్లద్దాలు పెట్టుకుని చూడండి.

భయపడి అతని పేరు తీయించవద్దనే నా సలహా. రేపు మీరు ఆస్పత్రిలో ఉంటే డబ్బు తీయడానికి ఎవరో ఒకరు ఉండాలి గదా. నివేదిక పంపడం ఒక సాయంకాలం పని. పంపకపోతేనే ప్రమాదం. బిట్నర్ అనే ఆయన ఐదేళ్ల నివేదికలు వేళకు పంపలేదని, 272 పద్దులు లెక్కపెట్టి 27 లక్షల డాలర్లు జరిమానా అడిగారు. జరిమానా ఖాతాకు కాదు, నివేదికకే అని 2023లో సుప్రీంకోర్టు అన్నాక అది 50,000కు దిగింది. అదైనా తక్కువా! మీ బీరువాలో బంగారం, అబ్బాయి పేరున ఉన్న పొలం ఈ నివేదికలో చూపనక్కరలేదు. పొలంమీద కౌలు వస్తే అది మాత్రం ఆదాయమే. అమెరికాలో పుట్టిన మనుమల పేర డిపాజిట్లు వేసి ఉంటే, ఆ పదివేల లెక్క వాళ్లకూ ఉంది.

బాంకువారిని తప్పుపట్టకండి. 2010లో అమెరికా ఫాట్కా అనే చట్టం చేసింది. 2015 జూలైలో మన ప్రభుత్వం ఆ మేరకు ఒప్పందంమీద సంతకం చేసింది. కనుక అమెరికా పౌరుల ఖాతాల వివరాలు ఏటా అక్కడికి చేరుతున్నాయి. ఎవరికీ తెలియదులే అనుకునే రోజులు పోయాయి.

గడచిన సంవత్సరాల మాటకు వస్తే, తెలియక మానేసినవారికి ఒక దారి ఉంది. మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్లు ఒకేసారి వేసి, ఎందుకు వేయలేదో 14653 ఫారంలో తన మాటల్లో నిజం వ్రాసి సంతకం చేయాలి. విదేశంలో ఉన్నవారికి ఈ పద్ధతిలో జరిమానా లేదు, పన్ను బాకీ ఉంటే అదీ, దాని వడ్డీ మాత్రమే. వాళ్లు విచారణ మొదలుపెట్టకముందే వేయాలి. ఈ ఏడాదినుంచి సరిగా వేసి పాతది కప్పిపుచ్చుదామని కొందరు సలహా ఇస్తారు, వినకండి.

అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు డిపాజిట్ రసీదులు, పాసుపుస్తకాలు ముందుపెట్టుకుని, ప్రతి ఖాతాలో ఏ ఏడాది అత్యధికంగా ఎంత నిల్వ ఉందో వరసగా వ్రాయించండి. డాలర్లలోకి మార్చడానికి ఆయా సంవత్సరాల డిసెంబరు 31 నాటి అమెరికా ట్రెజరీ రేటు వాడాలి. ఆ కాగితం చేతబట్టుకునే ఆడిటరు దగ్గరకు వెళ్లమనండి.