తెరకొక నీరటి

కంప్యూటర్లో ప్రోగ్రాము బిగుసుకుపోతే మనం మిషను పాతదంటాం, మౌసును తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు ఆ ప్రోగ్రాము రాసినవాడిదే.

పల్లెలో చెరువు తూము తీసేది నీరటి ఒక్కడే. నీళ్ళు కావలసినవాళ్ళు అతనితో చెప్పి వంతు కోసం ఆగాలి. ఎవరికి వారే తూము తీస్తే కొట్లాటే మిగులుతుంది. 1998లో జావా 1.2తో వచ్చిన స్వింగ్‌లోనూ ఇదే కట్టుబాటు. మనం నొక్కిన ప్రతి బటనూ, కొట్టిన ప్రతి అక్షరమూ క్యూలో చేరతాయి. వాటిని వరసగా తీసి పని జరిపించేది ఒకే థ్రెడ్డు. తెరను మార్చే హక్కు దానిదే. తక్కిన థ్రెడ్లు 'ఇన్వోక్ లేటర్' ద్వారా దానికి అర్జీ పెట్టుకోవాలి.

తాళాలు వేసి అన్ని థ్రెడ్లనూ రానివ్వొచ్చు గదా అంటారు కొందరు. మౌసు కబురు సిస్టం నుంచి పైకొస్తుంది, గీయమనే ఆజ్ఞ ప్రోగ్రాము నుంచి కిందికి పోతుంది. రెండూ చెరో తాళం పట్టుకుని, ఎదుటిదాని తాళం కోసం కాచుకుంటే ఇరుకు గట్టు మీద ఎదురుపడ్డ ఎడ్లబళ్ళే!

అయితే నీరటిని కోతకు పంపితే తూము దగ్గరెవరుంటారు? పెద్ద లెక్కలూ, ఫైళ్ళు దింపడాలూ ఆ థ్రెడ్డుకే అప్పగిస్తే తెర పలకదు. ఆండ్రాయిడ్ ఫోనైతే తాకిన 5 సెకన్లలో బదులు రాకపోతే యాప్ స్పందించడం లేదని చెప్పేస్తుంది. డబ్బు కట్టేటప్పుడు అలా జరిగితే మా నాన్నలాంటి రైతు తన వేలిదే తప్పనుకుంటాడు, మళ్ళీ మళ్ళీ నొక్కుతాడు. రెండుసార్లు పోయిందేమోనని రాత్రంతా నిద్రపోడు.

అందుకే ల్యాబు పరీక్షల్లో జవాబు వచ్చిందా అనే కాదు, వచ్చేలోగా తెర పలికిందా అనీ చూడాలి. బరువు పని వేరే థ్రెడ్డుకి, తెర పని తెర థ్రెడ్డుకి. మొదటి ఏడాదిలోనే నేర్పవలసిన పాఠమిది.