అద్దము గట్టించిన ధ్రువపత్రము



గతమాసమున నొకనాటి సాయంకాలము మా పొరుగింటి పిన్నిగారు చేతిసంచిలో కాగితములు పెట్టుకొని మా యింటికి వచ్చిరి. భర్త గతించిన పిదప ఆమెకు మిగిలిన యాధారము బ్యాంకిలోని నాలుగులక్షల రూపాయలు. బ్యాంకికంటె రెట్టింపు వడ్డి యిత్తుమనుచున్న యొక కంపెనీలో ఆ సొమ్మును వేయుటకు ఆమె నిశ్చయించుకొనిరి.

"సంశయ మెందుకమ్మాయీ! వారి యాఫీసులో ప్రభుత్వమువారి పత్రమును అద్దము గట్టించి గోడకు వ్రేలాడదీసినారు. ఇదిగో దాని నకలు" అనిరి.

మేము దానిని చదివితిమి. అది కంపెనీల రిజిస్ట్రారు జారీచేసిన నమోదు ధ్రువపత్రము. అయినను మా మనస్సు కుదుటపడలేదు. ఆ పత్రము చెప్పున దేమి, చెప్పని దేమి యని పిన్నిగారికి వివరించిన విషయమునే మీకును విన్నవించుచున్నాము.

శిశువు పుట్టినపుడు జననపత్రము నిత్తురు గదా! ఆ శిశువు పెరిగి సత్యసంధుడగునని ఆ పత్రము హామీ యీయదు. కంపెనీ ధ్రువపత్రమును అట్టిదే. 2013 సంవత్సరపు కంపెనీల చట్టము ప్రకారము, పత్రమునందలి తేదీనుండి కంపెనీ తన వాటాదారులకంటె వేరైన యొక వ్యక్తి యగును. తన పేర ఆస్తి గొనవచ్చును, వ్యాజ్యము వేయవచ్చును. కంపెనీ చేసిన యప్పు సామాన్యముగా కంపెనీదే కాని వాటాదారులది కాదు. పూర్వము ప్రైవేటు కంపెనీకి కనీసము లక్షరూపాయల మూలధన ముండవలెనను నియమ ముండెను. 2015లో దానిని తొలగించిరి. కావున పత్రమును జూచి దాని వెనుక ధనరాశి కలదని తలపరాదు.

పత్రముపై అక్షరములును అంకెలును గలిసి 21 గల గుర్తింపుసంఖ్య యుండును. మొదటి యక్షరము 'ఎల్' అయినచో ఆ కంపెనీ వాటాలు స్టాకు ఎక్స్ఛేంజిలో నమోదైనవనియు, 'యు' అయినచో కాలేదనియు గ్రహింపవలెను. పిదప ఐదంకెలు వ్యాపారపు తరగతిని, రెండక్షరములు రాష్ట్రమును, నాలుగంకెలు పుట్టిన సంవత్సరమును దెలుపును. కరపత్రములో "ఇరువదియేండ్ల యనుభవము" అని యచ్చువేసిన ఆ కంపెనీ పుట్టినది నిరుడే!

ముఖ్యవిషయ మింకొకటి. పుట్టుటకు పత్రము వేరు, పరుల సొమ్ము పుచ్చుకొనుటకు అనుమతి వేరు. వడ్డివ్యాపారము చేయు కంపెనీకి రిజర్వుబ్యాంకువారి రిజిస్ట్రేషను పత్రముకూడ నుండవలెను. అట్టివానిలోను ప్రజల డిపాజిట్లు స్వీకరించుటకు అనుమతి గలవి కొన్నియే. చీటీలు నడుపువారు 1982 సంవత్సరపు చట్టము ననుసరించి చీటీ ప్రారంభింపకముందే అనుమతి పొందవలెను. అనుమతి లేని డిపాజిట్లను 2019 సంవత్సరపు చట్టము నిషేధించినది. రిజర్వుబ్యాంకువారి 'సచేత్' వెబ్‌సైటులో సంస్థల వివరములు చూచుకొనవచ్చును, ఫిర్యాదును చేయవచ్చును.

మరునాడు పిన్నిగారు ఆ యాఫీసునకు బోయి, "రిజర్వుబ్యాంకువారి పత్ర మేది?" అని యడిగిరి. గుమాస్తా మొదట నవ్వి, పిమ్మట మేనేజరుగారు ఊరిలో లేరనెను. మూడుమార్లు తిరిగినను ఆయన యూరికి రాలేదు. పిన్నిగారి సొమ్ము బ్యాంకిలోనే యున్నది. కాని ఆమె చెల్లెలు అంతకుముందే ఏబదివేలు కట్టియుండిరి. ఫిర్యాదు వ్రాయించుటకై అక్కచెల్లెండ్రిరువురును నిన్న మా యింటికి వచ్చిరి.

కావున సోదరీమణులారా, గోడమీది పత్రమును జూపినవారిని రెండవ పత్రము నడుగుడు. అడుగుటకు సిగ్గుపడకుడు.