రెండు గొట్టాలు, ఒక్క గురి

మ్యూజియంలో అద్దాల వెనక పాత జోడుగొట్టాల రైఫిల్ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. రెండు గొట్టాలూ రైలు పట్టాల్లా సమానంగా సాగుతున్నట్టే ఉంటాయి. నిజానికి అలా ఉండవు. మూతి దగ్గరకొచ్చేసరికి ఒకదానివైపు ఒకటి కాస్త మొగ్గి ఉంటాయి. అదీ కావాలనే!

కుడి గొట్టం పేలితే తుపాకీ వెనక్కి తన్నడమే కాదు, కుడివైపుకి తిరుగుతుంది కూడా. ఎడమది పేలితే ఎడమకి. గుండు బయటపడేలోపే ఈ కదలిక మొదలైపోతుంది. అందుకే దాన్ని ముందుగానే లెక్కలో వేసుకుని గొట్టాలను అతికేవారు. ఇంగ్లండులో తుపాకుల తయారీదారులు ఒక్కో రైఫిల్‌నీ కాల్చి చూసేవారు. గుండ్లు విడివిడిగా పడితే అతుకు వేడిచేసి, మూతి దగ్గర గొట్టాల మధ్యనున్న చీలను వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ కాల్చేవారు. రెండూ పక్కపక్కన పడేదాకా ఇదే పని.

అయితే ఆ శ్రమంతా ఒక్క కొలత మందుకీ, ఒక్క బరువు గుండుకీ మాత్రమే. మందు తగ్గినా, పెరిగినా రెండు గుండ్లూ ఒకచోట పడవు. వెనకనున్న గురిపలకను ఎంత సర్దినా లాభం లేదు. సగం గురి మందు కొలతలోనే ఉందన్నమాట.

ఆ మందు మనకు కొత్తదేమీ కాదు. సూరేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. మన చిచ్చుబుడ్డిలో కూరేవీ ఈ మూడే, ఇనుపరజను అదనం. 1880ల్లో పొగరాని మందు వచ్చింది. దాని శక్తి చాలా ఎక్కువ. పాత గొట్టంలో నల్లమందు బదులు అంతే కొలత దాన్ని పోస్తే గురి తప్పడంతో పోదు, గొట్టమే పగులుతుంది.

ఇక గుండు పరిమాణం. పౌను సీసంతో ఎన్ని గుండ్లు వస్తే అన్ని 'బోర్'. నాలుగు బోర్ అంటే గుండు 113 గ్రాములు, పది బోర్ అంటే 45. అంకె చిన్నదైతే గొట్టం పెద్దది. సింహళంలో ఏనుగుల్ని వేటాడిన శామ్యూల్ బేకర్ దగ్గర పది బోర్ జోడు రైఫిళ్ళు నాలుగుండేవి. ఒక్కోటీ 15 పౌన్లు, అంటే దాదాపు 7 కిలోలు. (ఏనుగుల గోడు ఎవరూ రాయలేదు లెండి.)

మూతి నుంచి మందు కూరే రోజుల్లో జోడు తుపాకీతో తలనొప్పి రెండింతలు. మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దిగగొట్టాలి. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బుతుంది. ఒక గొట్టం పేలిన అదురుకి రెండోదాంట్లో గుండు ముందుకు జారవచ్చు. దాన్నీ చూసుకోవాలి. కంగారులో నిండిన గొట్టంలోనే మళ్ళీ కూరితే? అందుకే కడ్డీ మీద గీత గీసుకునేవారు. కడ్డీ దించితే గీత పైకి తేలిందా, మూతి దగ్గరే ఆగిందా అన్నదాన్ని బట్టి లోపల ఏముందో తెలిసిపోతుంది.

1870ల్లో ఆఫ్రికాలో ఫ్రెడరిక్ సెలూస్ తుపాకీకి ఆ పరీక్ష జరగలేదు. ఆయనది ఒంటిగొట్టం నాలుగు బోరే. ఏనుగు వేట హడావిడిలో పనివాడు అందులో రెండుసార్లు మందు కూరాడు. అది తెలియక సెలూస్ మీట నొక్కాడు. తుపాకీ చేతుల్లోంచి ఎగిరిపోయింది, దాని కట్టె విరిగింది, ఆయన ముఖం రక్తమయమైంది. ఆ తుపాకుల జోలికి అసలు వెళ్ళకుండా ఉండాల్సిందని 1881లో అచ్చయిన తన పుస్తకంలో వాపోయాడు. అవి తన నరాలను దెబ్బతీసి, తర్వాత మామూలు తుపాకీ పట్టినా గురి కుదరనివ్వలేదట.