ఎనిమిదో ఆవర్తం దగ్గర ఆగండి

షూబర్ట్ చివరి పియానో సొనాటా గొంతు తగ్గించి మొదలవుతుంది. నలుగురు దగ్గరగా కూర్చుని తమలో తాము భజన పాడుకుంటున్నట్టు రెండు చేతులూ మెత్తగా కలిసి కదులుతాయి. ఏడు ఆవర్తాలు అలా నడిచాక, ఎనిమిదో ఆవర్తంలో ఎడమచెయ్యి కీబోర్డు అడుక్కి దిగి ఒక్క ట్రిల్ వాయిస్తుంది. పక్కపక్కనున్న రెండు స్వరాలను గబగబా మార్చి మార్చి మోగించడమే ట్రిల్. దాన్ని చాలా చిన్నగా వాయించమని షూబర్ట్ రాశాడు. అర్ధరాత్రి హైవే మీద బరువు లారీ పోతుంటే వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు సన్నగా వణుకుతాయే, అలాంటి చప్పుడు. తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఆపైన, ఏమీ జరగనట్టు, పాట మళ్లీ మొదటినుంచీ ఎత్తుకుంటుంది.

ఏడాదిపాటు నేను ఈ సొనాటాను ఆ ట్రిల్ లేకుండానే విన్నాను. ఫోను స్పీకర్లో వినేవాణ్ని. అంత కింది స్వరం అంత చిన్నగా మోగితే ఆ స్పీకరు పలకలేదు. పియానిస్టు అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగాడనుకునేవాణ్ని. ఒక రాత్రి మిత్రుడి ఇంట్లో ఫ్యాను కూడా ఆపేసి పెద్ద స్పీకర్ల ముందు కూర్చుంటే మొదటిసారి వినపడింది. నాకు తెలిసిన పాట కింద నాకు తెలియనిది ఇంకొకటి ఉందని ఆ రాత్రి అర్థమైంది. అప్పటినుంచీ ఈ సొనాటాకి ఎవరి రికార్డింగు చేతికొచ్చినా ముందు ఎనిమిదో ఆవర్తం దగ్గరే ఆగుతున్నాను.

“ఏ రికార్డింగు మంచిది?” అని అడిగేవాళ్లకు పాశ్చాత్య సంగీత పత్రికలు నక్షత్రాలు వేసి, పది పేర్ల జాబితా ఇచ్చి, ఒకదానికి పట్టం కడుతుంటాయి. ఆ పద్ధతి నాకు నచ్చదు. మన కచేరీలకు వెళ్లేవాళ్లెవరూ ఒక కీర్తనను ఇలా తూకం వేయరు. ఒకరి దగ్గర సంగతుల కోసం, ఒకరి దగ్గర నెరవు కోసం, ఇంకొకరి దగ్గర నింపాది కోసం అదే కీర్తన వింటాం. మన గాయకుడికి మనోధర్మం ఉంది, పియానిస్టుకు ప్రతి స్వరమూ కాగితం మీద రాసేసి ఉంది కదా, ఇక తేడా ఏముంటుందని అనుమానం రావచ్చు. తేడా కాలప్రమాణంలో ఉంటుంది, వేలి బరువులో ఉంటుంది, ఒక స్వరం ఆగిపోయాక రెండోది మొదలయ్యేలోపు ఎంతసేపు ఓర్చుకున్నారన్న దాంట్లో ఉంటుంది. ఈ మూడూ కలిస్తే అదే కాగితం వేరు వేరు మనుషుల మాట అవుతుంది.

తిరువయ్యూరులో త్యాగరాజు ఉన్న కాలమే షూబర్ట్‌ది కూడా. 1828 సెప్టెంబరులో వియన్నాలో అన్న ఫెర్డినాండ్ ఇంట్లో ఉంటూ మూడు పెద్ద సొనాటాలు ముగించాడు. మూడోదైన ఈ బి ఫ్లాట్ మేజర్ సొనాటా రాతప్రతి మీద సెప్టెంబరు 26 తేదీ ఉంది. అక్టోబరులో ఒక ప్రచురణకర్తకు ఉత్తరం రాసి ఇస్తానన్నాడు, ఆయన తీసుకోలేదు. నవంబరు 19న 31 ఏళ్లకే షూబర్ట్ పోయాడు. ఇవి అచ్చయింది 1839లో. డి. 960 అన్నది ఆ తర్వాత ఎప్పటికో ఒట్టో ఎరిక్ డాయిచ్ తయారుచేసిన జాబితాలోని సంఖ్య. వెతకడానికి పనికొచ్చేది అదే, గుర్తుపెట్టుకోండి.

మొదటి భాగం మీద షూబర్ట్ రాసిన కాలసూచన ‘మోల్తో మోడరాతో’. చాలా మితంగా అని అర్థం. ఎంత మితం? గొడవంతా ఇక్కడే. స్వ్యాతోస్లావ్ రిక్టర్ 1972లో చేసిన రికార్డింగులో ఈ ఒక్క భాగమే 24 నిమిషాల పైచిలుకు. ఆల్ఫ్రెడ్ బ్రెండెల్ అదే భాగాన్ని 15 నిమిషాల ప్రాంతంలో ముగిస్తారు. నిదానం ఒక్కటే కాదు ఆ తేడాకు కారణం. మొదటి భాగంలో దాదాపు మూడోవంతు అయ్యాక మళ్లీ మొదటికి రమ్మనే గుర్తు ఉంది. రిక్టర్ తిరిగి వస్తారు, బ్రెండెల్ రారు.

అది మామూలు పునరావృత్తి అయితే ఇంత రాయను. వెనక్కి తీసుకెళ్లడానికి షూబర్ట్ ప్రత్యేకంగా తొమ్మిది ఆవర్తాలు రాశాడు. తిరిగి వెళ్లనివాళ్ల రికార్డింగులో ఆ తొమ్మిదీ అసలు వినపడవు. వాటి చివర్లో ఆ ట్రిల్ వస్తుంది, ఈసారి పూర్తి బలంతో. మొదటి భాగం మొత్తంలో అది గొంతెత్తేది ఆ ఒక్కచోటే. ఆ తొమ్మిది ఆవర్తాలకూ ఈ భాగం మనసుకూ పొంతన లేదనీ, వదిలేయడమే మేలనీ బ్రెండెల్ వాదించారు. ఆయన షూబర్ట్ కోసం జీవితమంతా శ్రమించిన మనిషి, ఆయన రాసిన వ్యాసాల నుంచి నేను చాలా నేర్చుకున్నాను. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఒప్పుకోలేను. అలమరలో గ్లాసులు వణికించిన ఆ చప్పుడు ఒక్కసారి గది మధ్యకొచ్చి అరుస్తుంది; మరుక్షణం, మొదట విన్న ఆ మెత్తని పాటే మళ్లీ మొదలవుతుంది. స్వరాలు మారలేదు, వినేవాడు మారాడు. రెండోసారి ఎనిమిదో ఆవర్తం వచ్చేసరికి ఆ చిన్న ట్రిల్ వెనక ఏముందో మనకు తెలుసు. దీన్ని తీసేస్తే కథలో ఒక మరణవార్తను తీసేసినట్టే. కాబట్టి మొదటిసారి ఈ సొనాటా ఎంచుకునేవాళ్లు వెనక్కి వెళ్లే పియానిస్టునే ఎంచుకోవాలని గట్టిగా అంటాను. మొదటి భాగం నిడివి 18 నిమిషాలకు మించి ఉందంటే సాధారణంగా వెనక్కి వెళ్లారనే లెక్క.

అలాగని రిక్టర్‌తో మొదలుపెట్టమనను. ఆ నిదానం అలవాటు లేని చెవికి పాట ముక్కలైపోతుంది, ఒక స్వరానికీ మరో స్వరానికీ మధ్య దారం తెగుతుంది. అలవాటయ్యాక మాత్రం వేరే ఏదీ చాలదనిపిస్తుంది. కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్‌కు షూబర్ట్ అంటే ఓపిక ఉండేది కాదు, చెప్పిందే చెబుతాడని. 1957లో మాస్కో వెళ్లినప్పుడు రిక్టర్ ఈ సొనాటాతో కచేరీ మొదలుపెట్టగా విని, మంత్రం వేసినట్టు కూర్చుండిపోయానని ఆయనే తర్వాత చెప్పారు. చెప్పిందే చెప్పడం ఎప్పుడు విసుగవుతుందో, ఎప్పుడు జపమవుతుందో రిక్టర్‌కు తెలుసు.

నేను మొదట చేతిలో పెట్టేది మిత్సుకో ఉచిదా 1997లో వియన్నా మ్యూజిక్‌ఫెరైన్‌లో చేసిన రికార్డింగు. ఆమె వెనక్కి వెళ్తారు. ట్రిల్ వాయించాక వచ్చే నిశ్శబ్దాన్ని ఆమె పట్టుకుని ఉండే తీరు చూడాలి: చెయ్యి తీసేసినట్టుండదు, చెయ్యి అక్కడే గాల్లో ఉన్నట్టుంటుంది. రెండో భాగంలో ఎడమచెయ్యి కుడిచేతి మీదుగా దాటి పైకెళ్లి ఒక్క స్వరం మోగించి కిందికి వస్తుంటుంది, పదే పదే. ఉచిదా దగ్గర ఆ పై స్వరం ఏ రెండుసార్లూ ఒకే బరువుతో పడదు. అదే భాగంలో చివరికొచ్చేసరికి పాట ఉన్నట్టుండి సి మేజర్‌లోకి జారే ఒక క్షణం ఉంది. అక్కడ ఆమె మరీ చిన్నగా వాయిస్తారు, దగ్గరగా కూర్చున్నవాళ్లకే చెబుతున్నట్టు.

ఆ తర్వాత ఆర్థర్ ష్నాబెల్ 1939 రికార్డింగు వినండి. నిమిషానికి 78 తిరిగే ప్లేట్ల కాలం అది. ఒక్కో పక్కకి నాలుగైదు నిమిషాలకు మించి పట్టదు, పాటను అక్కడక్కడా ఆపి మళ్లీ ఎత్తుకోవాలి. శబ్దంలో గరగర ఉంటుంది, అక్కడక్కడా తప్పు స్వరాలూ ఉంటాయి. అయినా పాట ఒకే ఊపిరిలో సాగుతుంది. ఈ సొనాటాలను కచేరీల్లోకి తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆయన శిష్యుడు లియోన్ ఫ్లైషర్ యవ్వనంలో ఒకసారి దీన్ని రికార్డు చేశారు. తర్వాత కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయి, దశాబ్దాలపాటు ఎడమచేతికి రాసిన సంగీతమే ఎక్కువగా వాయిస్తూ గడిపారు. వైద్యంతో చెయ్యి కొంత విచ్చుకున్నాక 2004లో ‘టూ హ్యాండ్స్’ అనే ఆల్బమ్ చేశారు. అందులో ఈ సొనాటా కూడా ఉంది. కుడిచెయ్యి ఆ మొదటి పాటను అందుకునే తీరు వింటుంటే, పోయిన మనిషి ఇంటికొచ్చి గడప దగ్గర నిలబడ్డట్టుంటుంది. మెరుగుల కోసం వెతికేవాళ్లకు అది సరిపడదు. నాకు మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు కావాలి.

వాద్యమే మారిపోతే ఎలా ఉంటుందో చూడాలంటే ఆండ్రాష్ షిఫ్ ఉన్నారు. 1820 ప్రాంతంలో వియన్నాలో ఫ్రాంజ్ బ్రోడ్‌మాన్ చేసిన పియానో మీద ఆయన వాయించిన రికార్డింగు 2015లో వచ్చింది. చెక్క చట్రం, తేలికైన సుత్తులు. సుత్తికీ తీగకూ మధ్యకు గుడ్డ పట్టీ తెచ్చే పెడల్ ఒకటి ఆ పియానోలకు ఉంటుంది. అది తొక్కితే స్వరం పొగమంచులోంచి వచ్చినట్టవుతుంది. ఈ కాలపు పెద్ద పియానో మీద ట్రిల్ గుండ్రంగా గొణుగుతుంది. ఇక్కడ అది గరుకుగా, చెక్క మీద వేళ్లు ఆడినట్టుంటుంది. షూబర్ట్ చెవిలో మోగిన చప్పుడు దీనికే దగ్గరేమో అనిపించి, చాలాసేపు ఇంకే రికార్డింగూ పెట్టబుద్ధి కాదు.

ఒక హెచ్చరిక. స్ట్రీమింగ్ యాప్‌లలో వెతికితే ఈ సొనాటా భాగాలు విడివిడి పాటలుగా వస్తాయి. మొదటి భాగం ఒకరిది, రెండోది ఇంకెవరిదో జతచేసిన ప్లేలిస్టులు నాకు చాలాసార్లు తగిలాయి. వద్దు. పియానిస్టు పేరూ 960 సంఖ్యా కొట్టి, ఆల్బమ్ తెరిచి, నాలుగు భాగాలూ వరసగా పెట్టండి. మెట్రోలో, బస్సులో వినకండి. నెలరోజులు ఒక్కరినే వినండి.

వరసగా పెట్టమనేది ఎందుకంటే, నాలుగో భాగం చివర్లో ఒక విషయం ఉంది, దానికి మొదటి భాగం ఇంకా చెవిలో ఉండాలి. ఆ భాగం జి అనే ఒంటరి స్వరంతో మొదలవుతుంది, తలుపు మీద ఒక్క దెబ్బ కొట్టినట్టు. పాట తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ దెబ్బ వినపడుతుంది. అంతా ముగియబోతుండగా ఆ జి ఒక మెట్టు దిగి జి ఫ్లాట్ అవుతుంది. ఎనిమిదో ఆవర్తంలో అడుగున వణికింది అదే స్వరం. ఇప్పుడు దాంట్లో వణుకు లేదు. ఇంకో మెట్టు దిగి ఎఫ్ దగ్గర ఆగుతుంది, ఆపైన రెండు చేతులూ ఒక్కసారిగా పరుగందుకుంటాయి. నిన్న రాత్రి ఉచిదా అక్కడ ఎంతసేపు ఆగారో లెక్కపెడదామనుకున్నాను. లెక్క మరిచిపోయాను.