అంతర్జాలపు వాకిలి

ఇంటికి వాకిలి ఎటువంటిదో, నేటి వ్యాపార సంస్థకు వెబ్‌సైటు అటువంటిది. కొనుగోలుదారుడు సంస్థ గడప తొక్కకముందే దాని వెబ్‌సైటును చూస్తున్నాడు. అయితే దాని బాగోగులను నిర్ణయించవలసి వచ్చినప్పుడు చాలామంది రంగులను, కదిలే బొమ్మలను చూసి మెచ్చుకుంటారు. ఈ కొలమానం చాలదు. వచ్చినవాని పని నెరవేరిందా, లేదా అన్నదే అసలైన గీటురాయి.

2022లో నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాకు మారిన చిట్టమూరు ప్రాంతంలో వరిపొలాలతోపాటు రొయ్యల గుంటలూ ఉన్నాయి. గుంటలో రొయ్యపిల్లను వదలడానికి ముందు ఒక రైతు ఏదో హేచరీ వెబ్‌సైటును సెల్‌ఫోనులో తెరిచాడనుకుందాం. ఆ హేచరీకి అనుమతి ఉందా? పిల్లకు వ్యాధి పరీక్షలు జరిపారా? ధర ఎంత? ఎవరితో మాట్లాడాలి? అతనికి కావలసినవి ఈ నాలుగే. ఎగసిపడే అలల చిత్రం తెరుచుకొనేసరికే నిమిషం గడిచి, ఆ పిమ్మట సంస్థ ఘనచరిత్ర మాత్రమే ఆంగ్లంలో కనిపిస్తే అతనికి ఒరిగేదేమిటి?

తెల్లని తెరపై లేత బూడిదరంగు అక్షరాలు నీడపట్టున సొంపుగానే ఉండవచ్చు. గుంటగట్టున, మిట్టమధ్యాహ్నపు ఎండలో అవి కానరావు. చూపు మందగించినవారిని దృష్టిలో ఉంచుకొని, అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ నడుమ వెలుగు తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2008లో మార్గదర్శకాలలో పేర్కొన్నది. ఆ నియమం ఎండలో నిలిచినవానికీ మేలు చేస్తుంది.

భాష సంగతీ అంతే. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో పలు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లను వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనిపించేవి. యూనికోడ్ వ్యాప్తితో ఆ చిక్కు తీరింది. ఎంత ముస్తాబు చేసినా, చదవలేనివానికి ఆ పేజీ మూసిన తలుపే.

అన్నిటికంటె ముఖ్యమైనది నిజాయితీ. పైన పటారం, లోన లొటారం అన్న సామెత వెబ్‌సైట్లకూ వర్తిస్తుంది. 2005 నాటి చట్టంతో ఏర్పడిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ, అనుమతి పొందిన హేచరీల జాబితాను తన వెబ్‌సైటులో ఉంచుతుంది. మంచి హేచరీ తన రిజిస్ట్రేషన్ సంఖ్యను ముంగిటనే చూపి, ఆ జాబితాతో సరిచూసుకొమ్మంటుంది. పిల్ల నాసిరకమైతే రైతు పెట్టుబడి నీటిపాలవుతుంది. కనుక ఆ ఒక్క సంఖ్య వంద వర్ణచిత్రాలకంటె విలువైనది.

అలాగని అందం అక్కరలేదనరాదు. పొందికగా తీర్చిన పేజీ చదువరి పట్ల గౌరవానికి గుర్తు. అయితే అందం ప్రయోజనానికి తోడుగా ఉండాలే తప్ప దానికి అడ్డు కారాదు. ఐదుగురు వినియోగదారులతో పరీక్షిస్తే చాలు, లోపాలలో అధికభాగం బయటపడతాయని జాకబ్ నీల్సన్ 2000లో వ్రాశాడు. రేపు వెబ్‌సైట్లను రూపొందించబోయే విద్యార్థులు ఆ ఐదుగురిలో ఒక రైతును, ఒక వృద్ధురాలిని తప్పక చేర్చాలి. వెబ్‌సైటుకు న్యాయనిర్ణేత దాని యజమాని కాడు, దానిని వాడేవాడే.