రొయ్యల మందు అవశేషాల పరీక్షల్లో కొలత తప్పులు అరికట్టాలని వినతి

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి,
సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా), కొచ్చి.
ద్వారా: జిల్లా కలెక్టర్ గారు, పశ్చిమ గోదావరి జిల్లా, భీమవరం.

విషయం: నైట్రోఫ్యూరాన్, క్లోరామ్‌ఫెనికాల్ అవశేషాల మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షలు.

అయ్యా,

నిషేధించిన మందు వాడినవారిని వదిలేయమని అడగడానికి మేం రాలేదు. అలాంటి సరుకు ఒక్క కంటైనర్ వెళ్లినా దెబ్బ డెల్టా మొత్తానికీ తగులుతుంది. 2016లో యూరోపియన్ యూనియన్ మన దేశపు సాగు రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచినప్పుడు, మందు ముట్టని రైతూ ఆ భారం మోశాడు. మా మొర కొలత గురించే.

నైట్రోఫ్యూరాన్ మెటబాలైట్లకు యూరప్ ఇప్పుడు పెట్టిన హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాము, క్లోరామ్‌ఫెనికాల్‌కు 0.15. మొదటి హద్దు అంటే టన్ను రొయ్యలో అర మిల్లీగ్రాము అన్నమాట. ఇంత సూక్ష్మంలో శాంపిల్ తీసిన చెయ్యి కూడా లెక్కలోకి వస్తుంది. కంటికి క్లోరామ్‌ఫెనికాల్ ఆయింట్‌మెంట్ రాసుకున్న చేత్తోనే రొయ్యను పట్టుకుంటే ఇంకేం కావాలి? శాంపిల్ తీసేవారికి ప్రతి చెరువుకూ కొత్త గ్లౌజులు తప్పనిసరి చేయండి. చెరువు నాలుగు వైపుల నుంచీ తీసిన శాంపిల్‌ను మూడు భాగాలు చేసి రైతు ఎదుటే సీలు వేయించండి.

మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెడుతున్నది సెమీకార్బజైడ్. నైట్రోఫ్యూరాన్ మందుల్లో ఒకటైన నైట్రోఫ్యూరజోన్ వాడారనడానికి దీన్నే సాక్ష్యంగా చూస్తారు. కానీ ఏ మందూ తగలని రొయ్య పొట్టులోనూ, ముఖ్యంగా నీలకంఠ రొయ్య పొట్టులో, ఇది సహజంగా ఉంటుందని పరిశోధనలు చూపాయి. గాఢమైన హైపోక్లోరైట్ తగిలిన ఆహారంలోనూ పుట్టగలదు. పొట్టుతో కలిపి రుబ్బితే యంత్రం ఉన్నదాన్ని సరిగ్గానే చూపిస్తుంది, ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పలేదు. కాబట్టి పొట్టు వలిచి లోపలి కండనే పరీక్షించాలి, అలా చేసినట్టు రిపోర్టులో రాయాలి. ఇది జరగకుండా ఏ రైతు మీదా మచ్చ వేయకండి.

ఎలైసా వడపోత పరీక్ష మాత్రమే. అందులో పాజిటివ్ అనగానే గట్టు మీదే ధర కోసేస్తున్నారు. ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ నిర్ధారణ లేకుండా సరుకును తిరస్కరించరాదని ఉత్తర్వు ఇవ్వండి.

ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ యంత్రమూ పొరబడుతుంది. రొయ్య కండలోని కొవ్వు, లవణాలు సిగ్నల్‌ను అణచేస్తాయి, ఒక్కోసారి పెంచుతాయి. అందుకే ఐసోటోపు గుర్తు ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్‌ను శాంపిల్ తూచిన వెంటనే కలపాలి. చివర్లో కలిపితే మధ్యలో పోయిందెంతో తెలియదు. కాలిబ్రేషన్ మందు లేని రొయ్య కండతోనే చేయాలి. బాగా పాజిటివ్ వచ్చిన శాంపిల్ తర్వాత బ్లాంక్ (మందు లేని శాంపిల్) నడపకపోతే ముందు రైతు పాపం వెనక రైతు ఖాతాలో పడుతుంది. యూరప్ 2021/808 నిబంధన అయాన్ల నిష్పత్తిలో 40 శాతం, ఎల్‌సీ రిటెన్షన్ టైములో 0.1 నిమిషం వరకే తేడాను ఒప్పుకుంటుంది. ఆ అంకెలు, సీసీ ఆల్ఫా (నిర్ణయ పరిమితి) విలువ రిపోర్టులోనే ఇవ్వాలి. ‘ఫెయిల్’ అన్న ఒక్క మాటతో ఒక పంట పోకూడదు.

రైతు కోరితే సీలు వేసిన రెండో భాగాన్ని మరో ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ల్యాబుకు పంపాలి. మొదటి ఫలితం తప్పని తేలితే ఫీజు తిరిగి ఇవ్వాలి. ఐసులో రొయ్య ఎక్కువ రోజులు ఆగదు గనుక ఈ రీటెస్టుకు గడువు పెట్టి, వచ్చే పట్టుబడులకు ముందే ఉత్తర్వులు ఇప్పించగలరని ప్రార్థన.

ఇట్లు,
గోదావరి డెల్టా రొయ్యల రైతులు